కాగితం చేతపట్టిన ఓడదొంగలు

బందరు రేవు కథలు: ఆరో భాగం

1642లో మొగలు పాదుషా షాజహాను మీద డెన్మార్కు వాళ్ళు యుద్ధం ప్రకటించారు. డెన్మార్కు దేశం మొత్తం అనుకునేరు. తంజావూరు తీరాన తరంగంబాడిలో చిన్న కోట కట్టుకుని, సొంతదేశం నుంచి ఓడ ఎప్పుడొస్తుందా అని కళ్ళు కాయలు కాసేలా చూస్తున్న కొద్దిమంది కంపెనీ నౌకర్లు, అంతే. బెంగాలులో మొగలు అధికారుల వల్ల తమ ఓడలకూ మనుషులకూ నష్టం జరిగిందని, అడిగినా పరిహారం ఇవ్వలేదని వాళ్ళ ఫిర్యాదు. అందుకని బెంగాలు ఓడ ఏది కంటపడినా పట్టుకునే హక్కు తమకుందని తామే రాసుకున్నారు. కొన్ని నెలల్లోనే పెద్ద ఓడ ఒకటి చిక్కింది. సరుకు తరంగంబాడిలో అమ్ముకున్నారు. ఓడను తమ ఓడల్లో కలిపేసుకున్నారు. తాజ్‌మహల్ పనుల్లో ఉన్న పాదుషాకు వీళ్ళు దోమకాటు పాటి కూడా కాదు. కాని సరుకు పోగొట్టుకున్న వర్తకుడికి అది దోమకాటు కాదు కదా!

ఈ యుద్ధం నడిపిన పెద్దమనిషి పేరు బెర్న్‌ట్ పెసార్ట్. డెన్మార్కు కొలువులో ఉన్నా అతను డచ్చివాడు. ఓడలు కొట్టాలన్న ఆలోచన అతనికి ఎందుకొచ్చిందో తెలియాలంటే బందరు వర్తకుల బాకీ చిట్టాల్లోకి తొంగిచూడాలి. ఈ భాగంలో నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా అదే: మన తీరంలో ఓడల దోపిడీకి కత్తి కన్నా ముందు ఖాతా పుస్తకం ఉంది.

డెన్మార్కు రాజు నాలుగో క్రిస్టియన్ 1616లో తూర్పు ఇండియా కంపెనీ పెట్టాడు. రాజును అందుకు ఒప్పించింది డచ్చి వర్తకులే. తమ దేశపు కంపెనీలో చోటు దొరకనివాళ్ళకు, అక్కడ చెడి బయటపడ్డవాళ్ళకు పొరుగు రాజు జెండా ఒక నీడ. ఆ కంపెనీ తరఫున మన తీరానికి ముందుగా వచ్చిన రోలాండ్ క్రాపె కూడా డచ్చివాడే. 1619లో కారైక్కాలు దగ్గర పోర్చుగీసువాళ్ళు అతని ఓడను ముంచేశారు. ప్రాణాలతో బయటపడ్డ క్రాపె తంజావూరు చేరి రఘునాథ నాయకుడి కొలువులో మాట కలిపాడు. రఘునాథుడు తెలుగు ప్రభువు, స్వయంగా తెలుగు కవి. 1620లో ఆయన ఇచ్చిన అనుమతితోనే తరంగంబాడి కోట లేచింది. క్రిస్టియన్ రాజుకు ఆయన బంగారు రేకు మీద రాయించి పంపిన లేఖ నేటికీ కోపెన్‌హాగన్‌లో భద్రంగా ఉంది.

కోట తంజావూరు గడ్డ మీదున్నా వ్యాపారం సాగాలంటే బందరు రావాల్సిందే. గోల్కొండ రాజ్యానికి సముద్రద్వారం అది. అద్దకాలు, సన్నబట్టలు కావాలన్నా, మలయా, సుమత్రా, పెగూ వైపు పోయే ఓడల్లో సరుకు వేయాలన్నా, అన్నిటికీ మించి అప్పు పుట్టాలన్నా బందరే. డచ్చివాళ్ళు 1605లోనే ఇక్కడ కొట్టు తెరిచారు. వాళ్ళ వెనకే ఇంగ్లీషువాళ్ళు, ఆ తర్వాత డేనులు వచ్చారు. బందరుకే మరో పేరైన మచిలీపట్నంలో వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట పేర్లు ఇప్పటికీ వినబడతాయి. డేనులు మాత్రం ఊళ్ళో ఏ పేటకూ పేరు పెట్టించుకోలేకపోయారు. వాళ్ళ పేరు బాకీల్లోనే మిగిలింది.

బట్టల వ్యాపారం జరిగే తీరు ఇది. సాలెవాడికి నూలు కొనుక్కోవడానికి, తినడానికి ముందుగా బయానా ఇవ్వాలి. ఆ డబ్బు మధ్యవర్తి వర్తకుడి చేతుల మీదుగా పల్లెలకు పోతుంది. బట్ట చేతికి రావడానికి నెలలు పడుతుంది. ఆ బట్ట ఇంకో రేవులో అమ్ముడుపోయి డబ్బు తిరిగి రావడానికి మరికొన్ని నెలలు. అంటే వెండి ముందు, లాభం తర్వాత. ఇంగ్లీషు, డచ్చి కంపెనీలకు ఏటా స్వదేశం నుంచి ఓడల్లో వెండి వచ్చేది. డెన్మార్కు రాజు ఐరోపా యుద్ధాల్లో దిగి ఖజానా ఖాళీ చేసుకున్నాడు. ఇక్కడికి వచ్చే ఓడలు తగ్గాయి, వెండి తగ్గింది. 1636లో క్రాపె స్థానంలోకి వచ్చిన పెసార్ట్ బందరులో అప్పు చేశాడు, ఆ అప్పు తీర్చడానికి మరో అప్పు చేశాడు. వడ్డీ ఆగదు, వర్తకులు ఊరుకోరు. చివరికి అతని దగ్గర పెట్టుబడి అనదగ్గవి రెండే మిగిలాయి: ఓడలు, వాటి మీది ఫిరంగులు. ఆ రెంటితో చేయగల వ్యాపారం ఏమిటో వేరే చెప్పాలా?

ఇంతలో కోపెన్‌హాగన్ దొరలు అతని స్థానంలో విల్లెం లేయెల్‌ను నియమించి పంపారు. దారిలో కానరీ దీవుల దగ్గర స్పెయినువాళ్ళు ఆపేయడంతో లేయెల్ 1643కు గాని ఇక్కడికి చేరలేదు. కుర్చీ అంత తేలిగ్గా దక్కలేదు. 1644లో కోట లేయెల్ చేతికి వచ్చేసరికి పెసార్ట్ ఊరు దాటేశాడు. మరుసటి ఏడు ఫిలిప్పీన్స్ దీవుల వైపు పోయి అక్కడి జనం చేతిలో చచ్చాడు. అతను పోయినా అతను మొదలుపెట్టిన యుద్ధం పోలేదు. పెసార్ట్‌ను తప్పుపట్టడానికి వచ్చిన లేయెలే బెంగాలు ఓడలను పట్టడం కొనసాగించాడు. 1648లో సొంత మనుషులే తిరగబడి లేయెల్‌ను దింపేశారు. ఆ తర్వాత వచ్చినవాళ్ళూ అదే దారి పట్టారు. మొగలులతో ఈ తగాదా సద్దుమణిగింది 1698లో. అప్పటికి షాజహాను పోయి, ఆయన కొడుకు ఔరంగజేబు ముసలివాడయ్యాడు.

పెసార్ట్ చేసింది యుద్ధమా, దొంగతనమా? ఆ రోజుల న్యాయం ప్రకారం అది చేతిలోని కాగితాన్ని బట్టి ఉంటుంది. రాజు ముద్ర వేసిన పత్రం ఉంటే శత్రువు ఓడను పట్టినవాడు దొర, లేకపోతే ఉరికంబం ఎక్కవలసిన దొంగ. డచ్చి కంపెనీ సంపద తొలినాళ్ళలో పెరిగింది ఇలాంటి కాగితాల మీదే. 1603లో సింగపూరు దగ్గర యాకోబ్ వాన్ హీమ్‌స్కెర్క్ పోర్చుగీసు ఓడ సాంటా కాతరీనాను పట్టుకున్నాడు. దానిలోని చైనా పట్టు, పింగాణీ ఆమ్‌స్టర్‌డామ్‌లో వేలం వేస్తే ముప్ఫై లక్షల గిల్డర్లకు పైగా వచ్చింది. పట్టడం న్యాయమేనా అని కొందరు భాగస్వాములే సణిగారు. అప్పుడు కంపెనీ తరఫున కలం పట్టినవాడు హ్యూగో గ్రోషియస్. సముద్రం ఎవరి సొత్తూ కాదన్న అతని ప్రసిద్ధ వాదం 1609లో అచ్చయింది. అంతర్జాతీయ న్యాయశాస్త్రానికి మూలపురుషుల్లో ఒకడిగా గ్రోషియస్‌ను ఇవాళ పిల్లలకు పాఠం చెబుతున్నాం. ఆ శాస్త్రం పుట్టింది దోపిడీ సొమ్ముకు రసీదు రాయబోయి అన్న సంగతి పాఠంలో చెప్పరు.

ఇక మన వైపు చూద్దాం. గోల్కొండ సుల్తానులకు కోటల కొదవ లేదు. కొండపల్లినే తీసుకోండి. రెడ్డిరాజుల నాటి కోట, గజపతుల చేతుల్లోంచి కృష్ణరాయల చేతికి, తర్వాత కుతుబ్‌షాహీల చేతికి వచ్చింది. ముస్తఫానగరు సర్కారుకు అదే ముఖ్యపట్టణం. బందరులో దిగిన సరుకు బెజవాడ మీదుగా గోల్కొండ దారి పడితే ఆ కొండల కాపలా కిందనే సాగాలి. ఎడ్లబండ్లు, పెరికె ఎద్దులు, సుంకం ఠాణాలు, వాటి మీద కోట, కోటలో సిపాయిలు. నేల మీద కట్టుదిట్టం అంతా ఉంది. బందరు దగ్గర ఉప్పునీళ్ళు మొదలైనచోట మాత్రం సుల్తాను చేయి ఆగిపోయేది. ఆయనకు వర్తకపు ఓడలున్నాయి, హజ్ యాత్రికులను మోసే ఓడలున్నాయి. వాటిని కాచే యుద్ధనౌకల దండు లేదు. మొదట్లో పోర్చుగీసువాళ్ళ దగ్గర, తర్వాత డచ్చివాళ్ళ దగ్గర రహదారి చీటీ తీసుకుని, తన సముద్రంలోనే పరాయివాడి అనుమతితో ఓడలు నడిపించాడు. నా ఉద్దేశంలో గోల్కొండ పతనానికి కారణాలు వెతికేవాళ్ళు మంత్రులు అక్కన్న మాదన్నల మీద, ఔరంగజేబు మీద పెట్టిన చూపులో పిసరంత ఈ రేవు మీద పెట్టి ఉండాల్సింది.

సముద్రం మీది ఆ ఖాళీలోకి నలభై ఏళ్ళ తర్వాత మరో ఘటికుడు దూరాడు. ఇతను ఇంగ్లీషువాడు, పేరు శామ్యూల్ వైట్. పనితనంలో పెసార్ట్‌ను మించినవాడు.

1676 ప్రాంతంలో మద్రాసులో దిగిన వైట్ కంపెనీ నౌకరీలో నిలవలేదు. అన్న జార్జి వైట్ అప్పటికే సియాం, అంటే ఇప్పటి థాయిలాండు రాజధాని అయుత్తయలో వ్యాపారం చేస్తున్నాడు. అన్న స్నేహితుల్లో కాన్‌స్టాంటైన్ ఫాల్కన్ అనే గ్రీకు కుర్రాడు ఒకడు. ఓడ కుర్రాడిగా బతుకు మొదలుపెట్టిన ఈ ఫాల్కన్ కొన్నాళ్ళకే సియాం రాజు నరాయికి కుడిభుజమై, రాజ్య వ్యవహారమంతా చేతిలోకి తీసుకున్నాడు. స్నేహితుడి తమ్ముడికి ఒక కొలువు ఇప్పించాడు: రాజుగారి ఏనుగులను బంగాళాఖాతం ఆ ఒడ్డున ఉన్న మెర్గుయి రేవులో ఓడెక్కించి బందరులో దింపడం.

ఏనుగును ఓడలో తేవడం మాటలు కాదు. దానికి రోజూ మేత, నీళ్ళు కావాలి. అది కదిలినప్పుడల్లా ఓడ ఒరుగుతుంది. అయినా గోల్కొండ సైన్యానికి ఏనుగుల ఆకలి ఎప్పుడూ ఉండేది కాబట్టి లాభం బాగా ఉండేది. కొండపల్లి బొమ్మల్లో అంబారీ ఏనుగును చూసి మురిసిపోతాం గాని, సుమారు మూడున్నర శతాబ్దాల కిందట అసలు ఏనుగులు సముద్రం దాటి వచ్చి ఈ గడ్డ మీద కాలు పెట్టాయన్నది మనకు గుర్తుకు రాదు. ఆ రాకపోకల్లో వైట్ బందరు లోగుట్టంతా పట్టేశాడు. ఏ ఓడ ఎవరిది, ఎప్పుడు బయల్దేరుతుంది, ఏం మోస్తుంది, దాని మీద ఫిరంగులెన్ని, అన్నీ.

1683లో ఫాల్కన్ అతన్ని మెర్గుయి షాబందరును చేశాడు. రేవు సుంకాలు, ఓడల అజమాయిషీ అన్నీ అతని చేతిలో. పక్కన గవర్నరుగా రిచర్డ్ బర్నబీ అనే మరో ఇంగ్లీషువాడు. అతనూ కంపెనీ వెళ్ళగొట్టిన మనిషే. ఈ మార్పుకు లోపల ఒక కథ ఉంది. అంతకుముందు సియాంలో ఆ పదవులన్నీ పారసీక ముస్లిం వర్తకుల చేతుల్లో ఉండేవి. వాళ్ళ చుట్టాలు, భాగస్వాములు గోల్కొండలో, బందరులో ఉన్నారు. ఫాల్కన్ వాళ్ళను ఒక్కొక్కరినీ పక్కకు నెట్టి తన మనుషులను కూర్చోబెట్టాడు. అటు పదవులు పోయిన కడుపుమంట, ఇటు బందరు అధికారులతో లెక్కల పేచీలు. రెండూ కలిసి సియాం రాజుకు, గోల్కొండ సుల్తానుకు మధ్య యుద్ధమయ్యాయి. ఈ యుద్ధంలో రెండు సైన్యాలు ఎదురుపడింది లేదు. ఒక రాజుకు రెండో రాజు పొలిమేర కూడా తెలియదు. సియాం తరఫున యుద్ధం చేసింది వైట్ ఓడలు. వాటిని నడిపింది ఇంగ్లీషు నావికులు.

1685లో వైట్ పంపిన ప్రాస్పరస్ ఓడ మన తీరానికి వచ్చింది. కెప్టెన్ జాన్ కోట్స్. గోదావరి మొగలో నరసాపురం పక్కన మాధవాయిపాలెం ఉండేది. మాదాపొల్లం బట్ట అని ఇంగ్లండు దాకా పేరుపోయిన ఊరు అదే. ఇంగ్లీషు కంపెనీకి అక్కడ కొట్టు ఉంది. నరసాపురంలో ఓడలు కట్టే వడ్రంగులు ఉన్నారు. ఆ తీరంలోనే కోట్స్ గోల్కొండ ఓడల మీద పడ్డాడు. అతను పట్టినవాటిలో మద్రాసులో కాపురమున్న ఆర్మేనియా వర్తకుడి ఓడ కూడా ఉంది. ఆర్మేనియా మనిషికి, సియాం రాజుకు, గోల్కొండ యుద్ధానికి ఏమిటి సంబంధం అని అడిగేవాడు ఎవడు?

ఇబ్బంది అంతా ఒడ్డున ఉన్న ఇంగ్లీషు కంపెనీ గుమాస్తాలకు వచ్చిపడింది. గోల్కొండ హవల్దారు అడిగింది న్యాయమైన ప్రశ్నే: ఓడలు కొట్టినవాళ్ళు ఇంగ్లీషు మాట్లాడుతున్నారు, మీరూ ఇంగ్లీషు మాట్లాడుతున్నారు, మరి నష్టం ఎవరు కడతారు? వాళ్ళు మా మనుషులు కారు అని కంపెనీ మొత్తుకుంది. వైట్ సమాధానం ఇంకా సుళువు: నేను సియాం రాజు ఉద్యోగిని, ఇదిగో కాగితం.

ఆ కాగితం నిజమైనదే. కాని దోచిన సొమ్ములో రాజుకు చేరిందెంత అన్నది వేరే లెక్క. వైట్ దగ్గర రాతకోతలు చూసిన ఫ్రాన్సిస్ డావెన్‌పోర్ట్ తర్వాత ఒక వృత్తాంతం రాశాడు. అయుత్తయకు పంపే లెక్కలు ఒక రకంగా, ఇంట్లో ఉంచుకునే లెక్కలు ఇంకో రకంగా ఎలా వండారో అందులో బయటపెట్టాడు. యజమాని మీద కడుపుమంటతో రాసిన మనిషి గనక ప్రతి మాటా నమ్మనవసరం లేదు. కాని వైట్ యుద్ధం పేరుతో సొంత సంపాదన చేశాడన్న ముఖ్యమైన మాటను ఆ తర్వాతి సంఘటనలేవీ కాదనలేదు. రాజు పత్రం పట్టుకుని బయల్దేరినవాడు ఏ రోజున దొంగగా మారాడో తేల్చాలంటే, రెండో ఖాతా పుస్తకం తెరిచిన రోజే అంటాను నేను.

ఇదే సమయంలో బందరులో జరిగిన ఇంకో ముచ్చట చెప్పకపోతే వైట్‌కు అన్యాయం చేసినట్టే. 1686 మార్చిలో గోల్కొండలో అక్కన్న మాదన్నలను చంపేశారు. ఔరంగజేబు సైన్యం ముంచుకొస్తోంది. దర్బారు నుంచి తమకు రావలసిన సొమ్ము ఇక రాదని డచ్చి కంపెనీకి అర్థమైంది. ఆ ఏడు జులైలో వాళ్ళు ఓడ కాదు, ఏకంగా బందరు పట్నాన్నే పట్టుకున్నారు. రేవు, సుంకం కొన్ని నెలలు వాళ్ళ చేతిలో ఉన్నాయి. దీన్ని ఏ చరిత్ర పుస్తకంలోనూ దోపిడీ అని రాయరు, బాకీ వసూలు అంటారు. పెసార్ట్ రెండు మూడు ఓడలతో చేయబోయిన పనిని అతని పుట్టింటి కంపెనీ పూర్తి దండుతో, క్రమశిక్షణతో చేసింది. దాని పెద్దల గోరీలు బందరు డచ్చి శ్మశానంలో చెక్కుడు రాళ్ళ కింద గౌరవంగా ఉన్నాయి. పురావస్తు శాఖ వాటిని కాపాడుతోంది. మంచిదే, కాపాడాల్సినవే.

ఇంగ్లీషు కంపెనీ కూడా ఆ తెలివి నేర్చింది. సియాం ఓడల వల్ల తమవాళ్ళకు, తమ రక్షణలోని వర్తకులకు జరిగిన నష్టానికి 65,000 పౌండ్లు కట్టమని సియాం రాజు మీదే తాఖీదు పంపింది. నష్టం చేసినవాడు ఇంగ్లీషువాడు, పరిహారం అడిగేది ఇంగ్లీషు కంపెనీ, కట్టవలసింది సియాం! పరదేశి రాజుల కొలువు మానుకుని వెంటనే వెనక్కి రావాలని ఇంగ్లండు రాజు రెండో జేమ్సు చేసిన ప్రకటనను కూడా చేతికిచ్చి, ఆంథొనీ వెల్ట్‌డెన్ కెప్టెనుగా కర్టానా అనే యుద్ధనౌకను 1687లో మెర్గుయికి పంపారు.

వైట్ బెదరలేదు. వెల్ట్‌డెన్‌కు విందులు చేశాడు. రాజాజ్ఞకు తలవంచుతానన్నాడు. తన ఓడ రిజల్యూషన్‌లోకి సామాను చేరవేస్తూ, ఇటు సియాంకు, అటు కంపెనీకి నమ్మకస్తుడిలా రోజులు నెట్టుకొచ్చాడు. రేవులో ఇంగ్లీషు యుద్ధనౌక ఉంది, ఒడ్డున షాబందరు ఆ కెప్టెన్‌తో కలిసి తాగుతున్నాడు. ఊళ్ళోని సియాం అధికారులకు దీని అర్థం ఒక్కటే తోచింది: మెర్గుయిని అమ్మేశారు. జులై 14 రాత్రి ఒడ్డు నుంచి ఫిరంగులు పేలాయి. రేవులో ఉన్న జేమ్స్ అనే ఓడ మునిగిపోయింది. ఊళ్ళో కనిపించిన ఇంగ్లీషువాణ్ణల్లా నరికారు. గవర్నరు బర్నబీ చచ్చాడు. వెల్ట్‌డెన్ దెబ్బలతో ఎలాగో తన ఓడ చేరాడు. పదుల సంఖ్యలో చచ్చినవాళ్ళలో ఎక్కువమంది నెలజీతం మీద బతికే నావికులు, చిల్లర వర్తకులు. వైట్ మాత్రం ఒంటి మీద గాటు పడకుండా రిజల్యూషన్ ఎక్కేశాడు, సామానుతో సహా.

అదే నెలలో మద్రాసు గవర్నరైన ఎలిహు యేల్‌కు సియాంతో సొంత వ్యాపారపు పేచీలు ఉండనే ఉన్నాయి. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయానికి ఉన్నది ఈయన పేరే. వైట్ మద్రాసు వాళ్ళ చేతికి చిక్కకుండా ఇంగ్లండు చేరుకున్నాడు. చేరి ఏం చేశాడంటారా? మెర్గుయిలో తన ఆస్తి నాశనం కావడానికి కారణం కంపెనీయే కాబట్టి నష్టపరిహారం ఇప్పించాలని పార్లమెంటుకు అర్జీ పెట్టుకున్నాడు. ఆ దావా ఫలితం చూడకుండానే 1689లో చనిపోయాడు. అన్న జార్జి దాన్ని వదలకుండా నడిపాడు. సియాంలో ఫాల్కన్ అప్పటికే లేడు. 1688లో తిరుగుబాటు వచ్చి అతని తల తీసేశారు, మరి కొద్ది వారాలకే నరాయి రాజు పోయాడు.

ఓడలు పోగొట్టుకున్న గోల్కొండ వర్తకులకు అర్జీ పెట్టుకునే పార్లమెంటు లేదు. సుల్తాను ఉన్నాడు గాని, మెర్గుయిలో ఫిరంగులు పేలిన ఆ జులై నాటికి ఆయన నెలల తరబడి ముట్టడిలో చిక్కుకుని ఉన్నాడు. 1687 సెప్టెంబరులో గోల్కొండ కోట పడిపోయింది. సుల్తాను తానీషాను దౌలతాబాదుకు ఖైదీగా తీసుకుపోయారు. కొండపల్లి, బందరు మొగలు సర్కారు కిందికి వచ్చాయి. కొత్త ఫౌజుదారులకు పాత సుల్తాను కాలపు ఓడల గొడవ పట్టలేదు. ఆ ఏడాది వసూలు కావలసిన శిస్తు ఎంత అన్నదే వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న.

(వచ్చే భాగంలో: మొగలు ఫౌజుదార్ల చేతికి వచ్చిన బందరు)